ఘోషలోని గానము

మీ ఇంటిలోనో, మీ అద్దెగదికి ఆనుకొనియున్న పక్క గదిలోనో, మీకు కావలసినవారొకరు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, బయటికి లీలగా గర్జన వలె వినవచ్చు ఏదో పాశ్చాత్య సంగీతములో గంటల తరబడి మునిగియుండగా, అందులో వారికి లభించుచున్నదేమో తెలియక, అడుగుటకు మాట దొరకక, మీరు గుమ్మము వరకు వెళ్ళి వెనుదిరిగిన సందర్భము కలదా? లేక ఆ వినువారు మీరే యై, "ఆ అరుపుల్లో ఏముందిరా?" అని ఇంటివారు అడిగినప్పుడు తగిన సమాధానము చెప్పజాలక తలుపు వేసికొన్నారా? లేక మిత్రుడొకడు ఆప్యాయముగా పంపిన పాటను అర నిమిషము విని, "ఇది నాకు పడదు" అని కట్టివేసి, అతని మనస్సునకు అంతగా హత్తుకొన్నది మీ మనస్సునకు ఏల అందలేదో యని లోలోపల చింతించినారా? ఈ మూడు విధములలో మీరే విధమునకు చెందినను ధైర్యము వహింపుడు. కఠినముగా తోచు సంగీతమును వినుట పుట్టుకతో వచ్చు విద్య గాదు. కొంత క్రమము పాటించినచో ఎవరికైనను అలవడునట్టిదే. అలవడిన పిమ్మట అది మీకు నచ్చకపోయినను నష్టము లేదు; ఎందుకు నచ్చలేదో తెలిసి విడిచిపెట్టినవారగుదురు.

సంగీతశాస్త్ర చర్చతో మనకిక్కడ పని లేదు. ఒక్క ఆల్బమ్‌ను చేతికి తీసికొందము. దానిని ఎట్లు వినవలెనో, అది ఎవరికి రుచించునో, ఎవరికి రుచింపదో తేల్చుకొందము. నేనెన్నుకొన్నది, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున వెస్ట్‌ఫీల్డ్ అను పట్టణమున 1999లో ఏర్పడిన కిల్‌స్విచ్ ఎంగేజ్ అను బృందము, 2004 మే నెలలో రోడ్‌రన్నర్ రికార్డ్స్ ద్వారా వెలువరించిన 'ది ఎండ్ ఆఫ్ హార్ట్‌ఏక్'. హెవీ మెటల్ గిటారుల బరువును, హార్డ్‌కోర్ పంక్ గాయకుల ఆక్రోశమును, స్వీడన్ దేశపు గోథెన్‌బర్గ్ నగర బృందములు 1990 దశకమున పెంపొందించిన జంట గిటారుల రాగధోరణిని ఒక్కచోట చేర్చి, ఆ మూడింటి నడుమనుండి నిండుగొంతుతో పాడు పల్లవిని హఠాత్తుగా పైకి లేపుట మెలోడిక్ మెటల్‌కోర్ అను ఈ శాఖ యొక్క పద్ధతి. ఆ పద్ధతిని ఇంత స్పష్టముగా, ఇంత ఆర్తితో చూపించిన ఆల్బమ్ కొత్తవారికి వేరొకటి దొరకదని నా దృఢాభిప్రాయము.

ముందుగా తెలిసికొనవలసిన కథ

ఏ పాటనైనను దాని పుట్టుక తెలిసి విన్నచో చెవి సగము దూరము ముందే నడచును. ఈ బృందమునకు మొదటి గాయకుడు జెస్సీ లీచ్. అతడు పాడిన 'అలైవ్ ఆర్ జస్ట్ బ్రీతింగ్' అను ఆల్బమ్ 2002లో వెలువడి, బృందమునకు పేరు వచ్చుచున్న ఆ తరుణముననే, అతడు తీవ్రమైన మనఃకుంగుబాటునకును కంఠబాధకును లోనై బృందమును విడిచి వెళ్ళిపోయెను. ఆలోచింపుడు: ఒక బృందమునకు గొంతు పోయినచో మిగులునదేమి? వారు ఆగిపోలేదు. బ్లడ్ హాజ్ బీన్ షెడ్ అను మరియొక బృందములో పాడుచుండిన హోవర్డ్ జోన్స్‌ను పిలిచిరి. మొదట డ్రమ్ములు వాయించుచుండిన ఆడమ్ డట్కివిచ్ గిటారు చేతబట్టెను. డ్రమ్ముల యెదుట జస్టిన్ ఫోలీ కూర్చుండెను. జోయెల్ స్ట్రోట్‌జెల్ రెండవ గిటారును, మైక్ డాంటోనియో బేస్ గిటారును వహించిరి. బోస్టన్ నగరములోని బర్క్‌లీ సంగీత కళాశాలలో చదివిన డట్కివిచ్ 'ది ఎండ్ ఆఫ్ హార్ట్‌ఏక్'కు తానే నిర్మాణబాధ్యతను కూడ స్వీకరించెను. విడిచి వెళ్ళిన లీచ్ సైతము ఇందులో అతిథిగా వచ్చి గొంతు కలిపెను. వెళ్ళిపోయినవానిపై కినుక లేదు, వచ్చినవానిపై అనుమానము లేదు. ఈ ఔదార్యము నాకు ఆ ఆల్బమ్‌లోని ఏ పాటకును తీసిపోని విషయముగా తోచును.

ఆల్బమ్ శీర్షికయే పేరుగా గల పాట మరుసటి యేట, అనగా 2005లో, ఉత్తమ మెటల్ ప్రదర్శన విభాగమున గ్రామీ పురస్కారమునకు ప్రతిపాదింపబడినది. ఆల్బమ్ మొత్తము పన్నెండు అంశములు, ఇంచుమించు ముప్పావుగంట సేపు.

ఎవరికి నచ్చును?

మొట్టమొదటగా రాగప్రియులకు నచ్చును. ఈ మాట వింతగా తోచవచ్చును. కాని మన పద్యనాటకములలో కురుక్షేత్ర రంగమును చూచినవారికి ఇది సులభముగా బోధపడును. వీరపాత్ర ధరించిన నటుడు రంగస్థలమదరునట్లు వచనము పలికి పలికి, ఆ వచనపు ఉద్ధతి పరాకాష్ఠనందిన క్షణమున హార్మోనియము శ్రుతినందుకొని పద్యమెత్తుకొనగా, ప్రేక్షకులకు ఆ పద్యము అంత మధురముగా వినిపించుటకు ముందు నడచిన ఆ గర్జనయే కారణమగుచున్నది కదా? హోవర్డ్ జోన్స్ ఈ ఆల్బమ్‌లో చేయునదియు అట్టిదే. చరణమున అతని గొంతు చీలిపోవుచున్నట్లు ఘోషించును. పల్లవి వచ్చుసరికి అదే గొంతు గంభీరమై, నిండుగా, దీర్ఘముగా స్వరము నిలిపి పాడును. వెనుకనుండి డట్కివిచ్ స్వరము దానికి జత చేరును. పల్లవికొరకు ఎదురుచూచుట తెలిసిన శ్రోతకు చరణములోని ఘోష భారమనిపింపదు. శ్రావ్యతకు అలవాటుపడిన చెవియే ఈ సంగీతమును మొదట నిరాకరించును, తుదకు అందరికంటె ఎక్కువగా ఆదరించునదియు అదే యగును.

తరువాత, లోపల దుఃఖముండి దానిని వెలికి చెప్పుకొనజాలని వారికి నచ్చును. ఆప్తులను కోల్పోయినవారికి శోకము ఒంటరిగా రాదనియు, దానిచేయి పట్టుకొని క్రోధము కూడ వచ్చుననియు తెలియును. "ఏడ్వకు, ఊరుకో" అనువారెందరో యుందురు, "అరవుము" అనువారెవ్వరు? మన ఆలంకారికులు కరుణమునకు శోకమును, రౌద్రమునకు క్రోధమును స్థాయీభావములుగా వేరువేరుగ చెప్పినారు. జీవితములో మాత్రము ఆ రెండును ఒకే రాత్రి ఒకే గదిలోనికి వచ్చి కూర్చుండును. ఆ రెండింటికిని ఒకే పాటలో చోటు కల్పించిన సంగీతము గనుకనే దీనిని పట్టుకొని కష్టకాలము గడపినవారు లోకమున అంతమంది యున్నారు.

గిటారు నేర్చుకొనుచున్న విద్యార్థులకు దీని ప్రయోజనము వేరు. తంత్రులను వాడుక శ్రుతికంటె దిగువకు దింపి, డ్రాప్ సి అను శ్రుతిలో వాయించు ఆ బరువైన ఎత్తుగడలు కొద్ది సాధనతో చేతికందును. కాని వాటి నడుమ హఠాత్తుగా ఆగి, ఆగిన చోటును డ్రమ్ములతో సరిగా కలిపి, మరల అందుకొనుట ఎంత నిబద్ధతను కోరునో సాధన చేసినవారికే తెలియును.

ఎవరికి నచ్చదు? చదువుకొనుచునో, వంట చేసికొనుచునో వెనుక మంద్రముగా ఏదో మ్రోగుచుండవలెనని కోరువారికి నచ్చదు. తీవ్రధ్వనివలన తలనొప్పి వచ్చువారు, చెవిలో నిరంతరము హోరు వినబడు బాధ గలవారు దీని జోలికి పోకుండుటయే మేలు. ప్రశాంతతను మాత్రమే సంగీతమునుండి ఆశించువారి కోరికయు న్యాయమైనదే, వారిని బలవంతపెట్టవలదు.

వినుటకు క్రమము

1. పరికరమును సరిచూచుకొనుడు. సెల్‌ఫోను స్పీకరు ద్వారా ఈ ఆల్బమ్‌ను వినుట వినకపోవుటతో సమానము. దిగువ శ్రుతిలో నడచు గిటారులును బేస్ గిటారును ఆ చిన్న స్పీకరులో అణగిపోయి, పైనున్న కరకరధ్వని మాత్రమే మిగులును. దానిని విని "రొద" అన్నవారిని తప్పు పట్టుటకు వీలు లేదు, ఏలయన వారు నిజముగా విన్నది రొదయే. మితమైన వెలకు దొరకు తీగ హెడ్‌ఫోన్లయినను చాలును.

2. మొదటి పాటతో మొదలుపెట్టకుడు. ఆల్బమ్‌ను కూర్చినవారి క్రమమునకు గౌరవమీయవలసినదే గాని, ఆ క్రమము అప్పటికే ఈ శాఖకు అలవాటుపడిన శ్రోతలకై కూర్చినది. మీరు ఏడవదైన శీర్షికాగీతముతో ప్రారంభింపుడు. అందులో ఘోషకంటె గానము పాలెక్కువ. దూరమైన ప్రియవ్యక్తికొరకు నిరీక్షించు ఒక మనిషి వేడికోలు దాని వస్తువు. అట్టి వస్తువు మన పదములలో, జావళీలలో, సినిమాపాటలలో ఎన్ని రూపములు ధరించి రాలేదు? భాష వేరు, వాద్యము వేరు, గొంతులోని తపన మాత్రము మీరెరిగినదే.

3. పల్లవిని పట్టుకొనుడు. తొలిసారి వినునప్పుడు అన్నిటిని గ్రహింపవలెనని ప్రయత్నించుట శ్రోతలు చేయు పెద్ద పొరపాటు. గిటారులు రెండు, బేస్ ఒకటి, డ్రమ్ములు, రెండు మూడు గొంతులు ఒక్కసారిగా మీదపడునప్పుడు మనస్సు దేనిని పట్టుకొనవలెనో తెలియక అలసిపోవును. ఆ అలసటనే మనము అయిష్టమని పొరబడుదుము. కావున మొదటిసారి పల్లవిని మాత్రమే గుర్తింపుడు. రెండవసారి, పల్లవికి ముందు గిటారు ఎట్లు దానికి దారి తీయుచున్నదో గమనింపుడు. మూడవసారి, పల్లవి వెనుకనున్న రెండవ గొంతును వెదకుడు. నాలుగవసారికి ఘోష దానంతటదియే అర్థవంతమగును. ఈ నాలుగు వినుకలును ఒక్కరోజున జరుగవలసిన పని లేదు, దినమునకొకటి చాలును. తొందరపడి ఒకే పూట పదిసార్లు విన్నవారికి పాట విసుగు పుట్టించును గాని దగ్గర కాదు.

4. సాహిత్యమును చేత బట్టుకొని వినుడు. మొదటిసారి వద్దు, పల్లవి చెవికెక్కిన తరువాత. ఘోషించు భాగములలోని మాటలు ఇంగ్లీషు మాతృభాషగా గలవారికే అన్నియు అందవు. మనకు అందలేదని సిగ్గుపడనక్కరలేదు. ముద్రితమైన సాహిత్యమును చూచుచు విన్నచో రెండు మేలులు కలుగును: మాటలు తెలియును, ఆ మాటలు ద్వేషమునో హింసనో ప్రబోధించుట లేదన్న సంగతియు తెలియును. వియోగము, పశ్చాత్తాపము, క్షమ, పట్టుదల, ఆశ: ఈ బృందము పాటలు ప్రధానముగా వీటి చుట్టును తిరుగును. ఈ ఆల్బమ్‌లోని తుదిపాట పేరే 'హోప్ ఈజ్'.

5. ఘోషను ఒక వాద్యముగా భావింపుడు. అది అదుపు తప్పిన మనిషి కేక యనుకొన్నంతవరకు మీ శరీరము బెదరుచునే యుండును. నిజమునకు అది శిక్షణతో అబ్బు విద్య. న్యూయార్క్ నగరములో మెలిస్సా క్రాస్ అను కంఠశిక్షకురాలు, గొంతును గాయపరచుకొనకుండ ఘోషించు పద్ధతులను గాయకులకు నేర్పుచు, 2005లో 'ది జెన్ ఆఫ్ స్క్రీమింగ్' అను పాఠముల డీవీడీని కూడ వెలువరించినది. ఊపిరిని కడుపునుండి నిలకడగా పంపుట, స్వరతంత్రులమీద ఒత్తిడి పడనీయకుండుట, ఘోషనుండి గానమునకు మారునప్పుడు గొంతును బిగింపకుండుట: ఇవి తెలిసి విన్నచో, జోన్స్ ఒకే పంక్తిలో ఒకదానినుండి మరియొకదానికి జారుకొనుచున్నప్పుడు మీకు భయమునకు మారుగా ఆశ్చర్యము కలుగును.

6. అటుపిమ్మట నాలుగవ పాటయైన 'రోజ్ ఆఫ్ షారిన్' వినుడు. కోల్పోయినవారిని తలచుకొనుచు, మరల కలిసికొందుమన్న నమ్మకమును విడువని పాట ఇది. చరణములో ఘోష మిక్కుటము, పల్లవిలో గానము మిక్కుటము. రెండింటి నడుమ వ్యత్యాసము ఇందులో కనబడినంత తేటగా మరెక్కడను కనబడదు. దాని తరువాత 'ఇన్‌హేల్' అను చిన్న వాద్యగీతమును, దానిని వెన్నంటి వచ్చు 'బ్రీత్ లైఫ్'ను కలిపి వినుడు. వాద్యగీతములో గొంతు లేదు, తొందర లేదు; తరువాతి పాటకు మీ ఊపిరిని సిద్ధము చేయుటయే దాని పని. 'అండ్ ఎంబర్స్ రైజ్' అను మరియొక చిన్న వాద్యగీతము పదవ స్థానమున నున్నది. అలసిన చెవికి అచ్చట విశ్రాంతి దొరకును. మిక్కిలి కఠినమైన 'టేక్ దిస్ ఓత్'ను చివరకు మిగుల్చుకొనుడు. ఇవన్నియు పరిచయమైన పిదప, ఒకనాడు తీరికగా కూర్చుండి, మొదటినుండి చివరివరకు వారి క్రమములోనే వినుడు. అప్పుడు ఆ క్రమములోని ఔచిత్యము మీకే తెలియును.

7. ధ్వనిని హద్దులో నుంచుడు. బిగ్గరగా వినుటయే ఈ సంగీతమునకు న్యాయమని యువకులు కొందరు నమ్ముదురు. ఆ నమ్మకము చెవికి చేటు. పెద్దవారికి 80 డెసిబెళ్ళ ధ్వనిని వారమునకు 40 గంటలు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణము. ధ్వని 90 డెసిబెళ్ళకు పెరిగినచో ఆ కాలము వారమునకు 4 గంటలకు పడిపోవును. ఇప్పటి ఫోనులలో ఎన్నింటిలోనో హెడ్‌ఫోను ధ్వని ఎన్ని డెసిబెళ్ళో చూపు ఏర్పాటు కలదు. దానిని తెరచి చూడుడు. చక్కగా ధ్వనిముద్రణ జరిగిన ఆల్బమ్ తక్కువ ధ్వనిలో కూడ తన బరువును కోల్పోదు.

రెండు సందర్భములు

ఇంటర్మీడియట్ చదువుచున్న కుమారుడు ఈ పాటలు వినుచుండగా తల్లి తలుపు తీసి, "ఏమిట్రా ఆ అరుపులు? ఎవరిమీద నీకంత కోపం?" అన్నదనుకొనుడు. "ఎవరిమీదా కాదమ్మా, నీకు చెప్పినా అర్థం కాదు" అని అతడు ముఖము తిప్పుకొన్నాడనుకొనుడు. ఇద్దరును అక్కడ ఆగిపోయినచో ఆ తలుపు నానాటికి బిగుసుకొనిపోవును. తల్లి అడుగదగిన ప్రశ్న వేరొకటి కలదు: "ఇందులో నీకు బాగా ఇష్టమైన చోటేదిరా? అదొక్కటీ వినిపించు." ఈ ప్రశ్నలో నేరారోపణ లేదు, నటన లేదు. కుమారుడు చేయదగినది, తనకిష్టమైన మిక్కిలి కఠినమైన భాగమును వినిపించి తల్లిని బెదరగొట్టుట గాదు. ఒక పల్లవిని వినిపించి, "ఇక్కడ చూడమ్మా, ఇంతసేపూ అరిచినవాడే ఇప్పుడెలా పాడుతున్నాడో" అని చేయి పట్టుకొని కూర్చుండబెట్టుట. తల్లికి పాట నచ్చకపోవచ్చును. కుమారుడు దేనిని వినుచున్నాడో తెలిసినందువలన మనస్సు కుదుటపడును.

ఇట్టి పాటలు పిల్లలలో కోపమును పెంచునేమోనన్న భయము సహజమైనది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయమున లియా షర్మన్, జెనివీవ్ డింగిల్ అను పరిశోధకులు ఈ ప్రశ్ననే పట్టుకొని, ఇట్టి తీవ్రసంగీతము వినుటకు అలవాటుపడిన 39 మందికి ముందు కోపము తెప్పించి, వారిలో కొందరికి తమకిష్టమైన పాటలు వినిపించియు, కొందరిని మౌనముగా కూర్చుండబెట్టియు పరిశీలించి, 2015లో ఫలితము ప్రకటించిరి. పాటలు విన్నవారి కోపము పెరుగలేదు; మౌనముగా నున్నవారిలో వలెనే తగ్గినది; పైగా వారిలో ఉత్సాహము హెచ్చినది. ఒక్క జాగ్రత్త: వారందరును ఈ సంగీతమును ఇదివరకే ప్రేమించినవారు. ఇష్టము లేనివారికి బలవంతముగా వినిపించినచో ఇదే ఫలము కలుగునని అనుకొనరాదు.

రెండవ సందర్భము మరింత సున్నితమైనది. తండ్రిని పోగొట్టుకొన్న యువతి ఒకతె, దినవారములు ముగిసి, బంధువులందరు వెళ్ళిపోయిన తరువాత హైదరాబాదులోని తన హాస్టలు గదికి తిరిగివచ్చి, ఎవరితోను మాటాడక ఈ ఆల్బమ్‌నే పదే పదే వినుచున్నదనుకొనుడు. గదిలోని స్నేహితురాలు ఏమి చేయవలెను? "ఇలాంటివి వింటే ఇంకా దిగులొస్తుందే, ఆపెయ్" అని హెడ్‌ఫోన్లు లాగివేయుట మంచి మనస్సుతో చేసినదైనను పొరపాటు. ఆమె దుఃఖమును మోయుటకు ఒక తోడును వెదకుకొన్నది; ఆ తోడును లాగివేసి బదులేమియు ఈయకుండుట న్యాయము గాదు. "ఒకటి నా చెవికీ పెట్టవే, కలిసి విందాం" అని పక్కన కూర్చుండుట మేలు. పాట ముగిసిన తరువాత మాట వచ్చినచో రానిండు, రాకున్నను ఫరవాలేదు.

అయితే సంగీతమునకు చేతకాని పని కలదని కూడ ఎరుగవలెను. నిద్ర పట్టక, ఆకలి లేక, బ్రదుకుమీద విరక్తి కలిగి వారములు గడచుచున్నచో, అప్పుడు హెడ్‌ఫోన్లు చాలవు. మనుష్యులు కావలెను, వైద్యులు కావలెను. భారతప్రభుత్వపు టెలీమానస్ సహాయకేంద్రమునకు 14416 అను సంఖ్యపై ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులో మాటాడవచ్చును. జెస్సీ లీచ్ తన కుంగుబాటును గూర్చి తరువాతి కాలమున బహిరంగముగా చెప్పుకొన్నాడు. అట్లు చెప్పుకొనుటలో అగౌరవమేమియు లేదని అతనిని చూచి నేర్చుకొనవచ్చును.

తరచుగా చేయు పొరపాట్లు

అన్నిటికంటె ప్రమాదకరమైనది, నచ్చిన ఉత్సాహములో స్నానాలగదిలో నిలిచి ఆ ఘోషను అనుకరింపబోవుట. శిక్షణ లేని గొంతు ఒక్క పూటలో బొంగురుపోవును. అట్లే కొనసాగించినచో స్వరతంత్రులకు కాయలు కాయును. వేదికమీద పాడుటయే వృత్తిగా గలవారే కంఠబాధకు లోనై రంగము విడువవలసివచ్చినప్పుడు, మనము గురువు లేకుండ సాహసించుట తగునా? పల్లవిని పాడుకొనుడు, అది మీ గొంతుకును హితమే.

రెండవ పొరపాటు, పాటనుబట్టి మనిషికి వెల కట్టుట. నల్లచొక్కాయిలు, కపాలముల బొమ్మలు చూచి ఇది దయ్యములను కొలుచువారి సంగీతమని తేల్చివేయువారు కొందరు. "ఇది విననివారికి సంగీతమే తెలియదు" అని ఎదురు తేల్చివేయువారు మరికొందరు. ఇరువురును వినుట మానివేసినవారే. ఒక సాయంకాలము త్యాగరాజ కీర్తనను, మరియొక సాయంకాలము ఈ ఆల్బమ్‌ను ఒకే మనిషి ప్రేమతో వినుటకు అడ్డమేమి?

మూడవది, ఒక్క ఆల్బమ్ నచ్చలేదని శాఖనంతటిని తిరస్కరించుట. లేదా ఒక్కటి నచ్చినదని మరునాడే ఇరువది బృందముల పాటలను వరుసగా పెట్టుకొని వినుట. రెండును తొందరపాట్లే. ఒక ఆల్బమ్‌కు ఒక నెల యిండు.

నచ్చినవారు తరువాత వినదగినవి

మొదట వెనుకకు నడవుడు. 2002 నాటి 'అలైవ్ ఆర్ జస్ట్ బ్రీతింగ్'లో లీచ్ గొంతు మరింత పచ్చిగా, మరింత దగ్గరగా వినబడును. జోన్స్ గంభీరతకు అలవాటుపడిన మీకు మొదట అది మోటుగా తోచినను రెండు వినుకలలో సర్దుకొనును. ఇంకను వెనుకకు పోదలచినవారు స్వీడన్‌కు వెళ్ళి, అట్ ది గేట్స్ బృందము 1995లో వెలువరించిన 'స్లాటర్ ఆఫ్ ది సోల్'ను వినవచ్చును. అందులో గానము లేదు గాని, మీకు నచ్చిన గిటారు ధోరణికి మూలము అక్కడ దొరకును. మరణశోకమును గూర్చి వినదలచినవారు ఇంగ్లండు బృందమైన ఆర్కిటెక్ట్స్ వారి 'హోలీ హెల్'ను వినుడు. ఆ బృందపు గిటారు వాద్యకుడు, గీతరచయిత టామ్ సర్ల్ 28 ఏండ్ల వయస్సున, 2016లో క్యాన్సరుతో మరణింపగా, అతని కవలసోదరుడైన డాన్, మిగిలిన మిత్రులును కలిసి 2018లో వెలువరించిన ఆల్బమ్ అది. డ్రమ్ముల వెనుక కూర్చున్నది ఆ సోదరుడేనని తెలిసి వినుడు.

కిల్‌స్విచ్ ఎంగేజ్ కథ కూడ అక్కడితో ముగియలేదు. 2012లో హోవర్డ్ జోన్స్ అనారోగ్యకారణమున వైదొలగగా, పదియేండ్ల క్రిందట వెళ్ళిపోయిన జెస్సీ లీచ్ మరల వచ్చి చేరెను. 2013లో 'డిసార్మ్ ది డిసెంట్' వెలువడెను. అటుపిమ్మట 2019లో వచ్చిన 'అటోన్‌మెంట్' ఆల్బమ్‌లో, 'ది సిగ్నల్ ఫైర్' అను పాటను ఆ ఇరువురు గాయకులును కలిసి పాడిరి. దానిని మాత్రము ఇప్పుడే వినకుడు. 2002 నాటి ఆల్బమ్‌ను, 2004 నాటి ఆల్బమ్‌ను మీకు మీరుగా విని, ఏ గొంతు ఎవరిదో తడుముకొనకుండ గుర్తుపట్టగలిగిన తరువాత వినుడు.